పిల్లచిలుక ఏ జాతిది? గుర్తించు విధము

మన నార్పోలిలోను, చుట్టునున్న కామత్‌ఘర్, పద్మానగర్ పేటలలోను ఇంటి వసారాలో చిలుక పంజరము వ్రేలాడుట క్రొత్త సంగతి కాదు. ఎండకాలము సమీపించుసరికి ఎవరో ఒకరు రెక్కలు పూర్తిగా రాని పిల్లచిలుకను గుడ్డలో చుట్టి ఇంటికి తెత్తురు. కొందరు బజారున కొని తెత్తురు. కొందరు కూలిన చెట్టు తొఱ్ఱలో దొరకినదని తెత్తురు. అది ఇల్లు చేరగానే పుట్టు ప్రశ్న ఒక్కటే: ఇది ఏ చిలుక? అమ్మినవాడు "పహాడీ" అనును. ప్రక్కింటివారు "మామూలు రామచిలుకయే" అందురు. మఱియొకరు "మెడలో హారము లేదు గదా, ఇది ఆడుది" అని తీర్పు చెప్పుదురు. ముగ్గురును రంగును చూచియే మాటలాడుచున్నారు. పిల్లచిలుక విషయమున రంగు నమ్మదగిన సాక్షి కాదు.

పేరు తెలిసినంత మాత్రమున ప్రయోజనమేమని కొందరు అడుగవచ్చును. ప్రయోజనము చాల కలదు. మనము చిలుక అను ఒక్క మాటతో పిలుచునవి నిజమునకు వేఱువేఱు జాతులు. ఒకటి ఊరిలో మనుష్యుల నడుమనే బ్రతుకును. మఱియొకటి చెట్లు దట్టముగా ఉన్న అడవి ప్రాంతమును కోరును. తల్లిగూటినుండి విడిపోయిన పిల్లను తిరిగి తనవారిలో చేర్చవలెనన్నచో ఆ తనవారెవరో ముందుగా తెలియవలెను. జాతి తప్పుగా చెప్పినచో పక్షిని తనది కాని చోట విడుచుట జరుగును. కావున ఇది వేడుకకు చెప్పుకొను సంగతి కాదు; ఆ పిల్ల బ్రతుకుతో ముడివడినది.

రంగు ఏల నమ్మరాదు?

అందరు ఎఱిగిన రామచిలుకనే తీసికొందము. ఎదిగిన మగచిలుకకు గడ్డము క్రింద నల్లని గీత బయలుదేరి, మెడ చుట్టి వచ్చి, వెనుక ప్రక్కను గులాబి రంగు పట్టీతో కలియును. ఆడుదానికి ఈ హారము లేదు. ఉన్నను పచ్చలో కలిసిపోవునంత మసకగా ఉండును. పిల్లలన్నియు, మగవైనను ఆడువైనను, చూచుటకు తల్లివలెనే ఉండును. మగపిల్ల మెడలో హారపు జాడ కనబడుటకు ఇంచుమించు ఒకటిన్నర సంవత్సరము పట్టవచ్చును. అది చక్కగా తీరుటకు మూడవ ఏడు రావలెను. కాబట్టి ఆరు నెలల పక్షిని చూచి "హారము లేదు, ఆడుది" అనుట తొందరపాటు. మూడేండ్లు నిండిన పిదపను హారము రానిచో అప్పుడు ఆడుదని నిశ్చయింపవచ్చును.

తక్కిన జాతులలోను ఇదే క్రమము. పెద్దవానిలో ఏ రంగును చూచి మనము జాతిని చెప్పుదుమో, ఆ రంగే పిల్లలో లేకుండును, లేక వెలవెలబోయి ఉండును. అందుచేతనే పుస్తకములోని బొమ్మను చేత పట్టుకొని పిల్లచిలుకను పోల్చబోయినవారు చిక్కుపడుదురు. ఆ బొమ్మలు సాధారణముగా ఎదిగిన పక్షులవి.

ఇది మన వృత్తివారికి తెలియని సంగతి కాదు. మగ్గముమీద జానెడు నేసిన బట్టను చూచి చీర కొంగు ఎట్లుండునో ఎవరును చెప్పలేరు. అయినను పని తెలిసినవాడు నూలు నంబరును, పడుగు ఒత్తును, నేత తీరును తడవి చూచి అది ఏ రకపు బట్టయో చెప్పగలడు. ఏలయన రంగు పిదప వచ్చునది, వెలిసిపోవునది. నేత మొదటినుండియు ఉండునది. పక్షికిని అట్టి నేత కలదు. శరీరపు బరువు, ముక్కు పరిమాణము, తల కట్టుబాటు, తోక ఈకల కొనలు, ఇవి దాని నేత. పిల్లచిలుకను గుర్తింపదలచినవారు ముందుగా వీనిని చూడవలెను. రంగును చివర చూడవలెను.

ముందు అది చిలుకయే అగునా?

ఈ ప్రశ్న నవ్వు పుట్టించవచ్చును. కాని పచ్చని పిల్లలన్నియు చిలుక పిల్లలు కావు. మన ఊరి చెట్లలో "టుక్ టుక్" అని సుత్తి దెబ్బవలె కూయు కంసాలిపిట్టయు పచ్చనిదే. అదియు తొఱ్ఱలోనే పిల్లలను చేయును. చిలుకకువలె దానికిని కాలివ్రేళ్లు రెండు ముందునకు, రెండు వెనుకకు ఉండును. కావున కాళ్లను మాత్రము చూచి నిర్ణయింపరాదు. ముక్కును చూడవలెను. కంసాలిపిట్ట ముక్కు మొద్దుగా, తిన్నగా ముందునకు ఉండి, మొదట మీసములవంటి బిరుసు వెండ్రుకలు కలిగియుండును. చిలుక ముక్కు పుట్టినది మొదలు క్రిందికి వంగి, పై దవడ క్రింది దవడను కప్పియుండును.

బజారున "లవ్‌బర్డ్స్" అని అమ్ము చిన్న రంగురంగుల పిట్టలలో అధికభాగము ఆస్ట్రేలియా దేశపు బడ్జరిగార్లు. వీని పిల్లలకు నుదుటిమీద ముక్కు వరకు సన్నని నల్లచారలు ఉండి, మూడు నాలుగు నెలలలో మాసిపోవును. ఇవి మన అడవులవి కావు గనుక ఈ వ్యాసమున వీనిని ఇంతటితో విడిచెదము.

మన ప్రాంతపు మూడు జాతులు

ఠాణా జిల్లాలో పిల్లగా చేతికి వచ్చునవి ముఖ్యముగా మూడు జాతులు.

మొదటిది రామచిలుక. ఊళ్లలోను, తోటలలోను, పొలములలోను గుంపులుగా తిరుగును. మన కరీంనగరు, నల్లగొండ ప్రాంతములలో జొన్నచేలమీద వ్రాలునది ఇదియే. చిలుకజోస్యము చెప్పువారి పెట్టెనుండి చీటి తీయునదియు సాధారణముగా ఇదియే. ఎదిగినది తోకతో కూడ ఇంచుమించు 40 సెంటీమీటర్ల పొడవుండును; అందులో సగమునకు మించి తోకయే. బరువు 95 మొదలు 140 గ్రాముల వరకు ఉండును. 1769లో స్కోపోలి అను శాస్త్రజ్ఞుడు దీనికి శాస్త్రనామమును పెట్టెను. దక్షిణ భారతపు రామచిలుకకు పై దవడ ఎఱుపు, క్రింది దవడ నలుపు. ఉత్తర భారతపు దానికి రెండును ఎఱుపు. ఈ రెండు తెగలకును ఎల్ల సుమారు 20 డిగ్రీల ఉత్తర అక్షాంశమని చెప్పుదురు. మన భివండీ ఆ గీతకు కొంచెము దక్షిణముననే కలదు. అయితే పిల్ల ముక్కు రెండు దవడలును పాలిపోయిన గులాబి రంగుననే ఉండి, కొన తెల్లబాఱి ఉండును గనుక ఈ భేదము పిల్లలో పనికిరాదు.

రెండవది పెద్ద చిలుక. బజారువారు "పహాడీ" అనునది దీనినే. అలెగ్జాండరు సైనికులు ఈ పక్షిని మన దేశమునుండి గ్రీసునకు గొనిపోయిరని చెప్పుదురు. ఆ రాజు పేరే దీనికి ఇంగ్లీషున నిలిచినది. పొడవు 53 మొదలు 60 సెంటీమీటర్ల వరకు, బరువు 200 మొదలు 300 గ్రాముల వరకు ఉండును. అనగా రామచిలుకకు రెట్టింపు. భుజముమీద ముదురు ఎఱ్ఱని మచ్చ మగదానికిని ఆడుదానికిని కూడ ఉండును. పిల్లలో ఈ మచ్చ చిన్నదిగా, మసకగా కనబడును. ప్రపంచమున దీని సంఖ్య తగ్గుచున్నందున ఆపదకు చేరువైన జాతులలో దీనిని చేర్చియున్నారు.

మూడవది టుయ్యా చిలుక. దాని కూతయే దానికి పేరు తెచ్చినది. మగదాని తల పండిన రేగుపండు ఎఱుపుతో, నీలిచాయతో మెఱయును. ఆడుదాని తల బూడిద కలిసిన నీలము. కాని పిల్ల తల పచ్చనిది. అందుచేత దీనిని రామచిలుక పిల్లయని పొరబడుట మిక్కిలి సులభము. ఇది సన్నని పక్షి. బరువు 55 మొదలు 85 గ్రాములే. ముక్కు ఎఱ్ఱనిది కాదు, పసుపు చాయ గలది. పిల్లలో రెండు దవడలును లేత పసుపుగనే ఉండును. తోక నడిమి ఈకలు నీలముగా ఉండి కొనలు తెల్లగా ముగియును. తుంగారేశ్వర్, తాన్సా అభయారణ్యములవంటి చెట్లు గల కొండ ప్రాంతములు దీని నివాసములు.

ఇవి గాక సహ్యాద్రి అడవులనుండి మఱి రెండు జాతులు అరుదుగా రావచ్చును. ఒకటి నీలి రెక్కల మలబారు చిలుక. మఱియొకటి తలక్రిందుగా వ్రేలాడి నిద్రించు చిట్టిచిలుక. ఇది ఎదిగినను పిచ్చుకకు మించి పెరుగదు, తోక మొండిగా ఉండును. దీనిని చూచి "ఇంకను పిల్ల, పెరుగును" అని ఎదురుచూచువారు వృథాగా ఎదురుచూతురు.

పరీక్షించు క్రమము

ఇప్పుడు చేతిలో ఉన్న పిల్లను ఏ క్రమమున చూడవలెనో చెప్పెదను.

మొదట వయస్సును అంచనా వేయవలెను. చిలుక పిల్ల గ్రుడ్డునుండి వెడలినప్పుడు కన్నులు మూసికొని, ఒంటిమీద ఈకలు లేక ఉండును. మూడు వారములు దాటునప్పటికి ఈకలు గొట్టములలో ముడుచుకొని ముండ్లవలె పొడుచుకొని వచ్చును. ఆరేడు వారములకు ఈకలు విప్పుకొని గూడు విడుచుటకు సిద్ధమగును. ఈకలు రాని పిల్లను చూచి జాతి చెప్పబూనుట వ్యర్థము. ఈకలు విప్పుకొనిన పిల్లనే పరీక్షింపవలెను. గూడు విడిచిన పిదపను కొంతకాలము వఱకు పిల్ల కన్ను నల్లగా, ఒకే రంగుగా కనబడును. రామచిలుక పెరిగినకొలదియు నల్లపాప చుట్టు తెల్లని వలయము తేలును. కన్ను నల్లగా ఉన్నంతకాలము అది పిల్లయనియే తలచి, హారమును గూర్చిన వాదము మానవలెను.

రెండవది బరువు. ఇదియే అన్నిటికంటె గట్టి సాక్ష్యము. గూడు విడుచు నాటికి చిలుక పిల్ల ఇంచుమించు పెద్దవాని బరువునకు వచ్చును. రంగుకు రెండు మూడేండ్లు పట్టినను బరువునకు పట్టదు. కిరాణా దుకాణపు త్రాసు చాలును. చిన్న గుడ్డసంచిలో పిల్లను గాలి ఆడునట్లు ఉంచి తూచి, సంచి బరువును తీసివేయవలెను. 110 గ్రాములున్న పిల్లను ఎవడు పహాడీ అని చెప్పినను నమ్మనక్కరలేదు. 200 దాటిన పిల్ల రామచిలుక కానేరదు. ఈకలు నిండి, పొట్ట నిండి, చుఱుకుగా ఉండియు 70 గ్రాములే తూగినచో టుయ్యా కావచ్చునని చూడవలెను. అయితే ఆకలితో చిక్కిన పిల్ల తక్కువ తూగును. రొమ్ము ఎముక కత్తివలె చేతికి తగిలినచో త్రాసు మాటను పూర్తిగా నమ్మరాదు. పొడవును కొలుచుటయు అంత పనికిరాదు. పిల్ల తోక ఇంకను పెరుగుచుండును గనుక కొలత తప్పుదారి పట్టించును.

మూడవది ముక్కు. పెద్ద చిలుక పిల్ల ముక్కు తలతో పోల్చగా ఎబ్బెట్టుగా పెద్దది, లోతైనది. రామచిలుకది మధ్యరకము, పాలిపోయిన గులాబి రంగు. టుయ్యాది చిన్నది, పసుపు. ముక్కు రంగు నెలనెలకు మారవచ్చును గాని దాని కట్టు మారదు.

నాలుగవది భుజము. రెక్క ముడుచుకొనినప్పుడు పై భాగమున మసక ఎఱుపు ఉన్నదా అని వెలుతురులో చూడవలెను. బరువైన పిల్లకు ఈ మచ్చ ఉన్నచో పెద్ద చిలుక అనుటకు సందేహము లేదు. కాని ఎఱ్ఱమచ్చ ఒక్కటియే చాలదు. ఎదిగిన మగ టుయ్యాకును భుజముమీద చిన్న ఎఱ్ఱమచ్చ ఉండును. మచ్చయు బరువును ఒకే మాట చెప్పినప్పుడే తీర్పు చెప్పవలెను.

అయిదవది తోక. నడిమి ఈకల కొన తెల్లగా ఉన్నచో టుయ్యా వైపునకును, పసుపు కలిసిన పచ్చగా ఉన్నచో తక్కిన రెండింటి వైపునకును మొగ్గవలెను.

ఈ గుర్తులలో మూడు ఒకచోట కలిసినచో జాతి తేలినట్లే. ఒక్క గుర్తును పట్టుకొని నిర్ణయించుట, ఒక్క పోగును చూచి బట్ట వెల కట్టుటవంటిది.

మోసపు రంగులును, పండితుల పొరబాటును

పహాడీకి బజారున వెల ఎక్కువ. కావున రామచిలుక పిల్ల భుజములకు ఎఱ్ఱరంగు పూసి పహాడీయని అమ్మువారు కలరు. రంగుల అద్దకమెఱిగిన మన ఇండ్లలో ఈ మోసము సాగరాదు. సహజమైన మచ్చ ఈకలోనే పుట్టినది; దాని అంచు ఈక అంచుతో నిలుచును. పూసిన రంగు ప్రక్క ఈకలకును, చర్మమునకును అంటుకొని మరకలుగా ఉండును. తడిగుడ్డ అద్దినచో పలుమాఱు గుడ్డకును అంటును. అన్నిటికంటె మించి, రంగు పూసినను బరువు రెట్టింపు కాదు.

పొరబాటు సామాన్యులకే కాదు, శాస్త్రజ్ఞులకును కలిగినది. 1895లో రోత్స్‌చైల్డ్ అను ఆంగ్ల పక్షిశాస్త్రజ్ఞుడు మన దేశపు చిలుక చర్మమును చూచి, ఇది క్రొత్త జాతియని పేరు పెట్టెను. టుయ్యాకును, హిమాలయ ప్రాంతపు బూడిదతల చిలుకకును నడిమి లక్షణములు దానియందు కనబడినవి. నూరేండ్లకు పైగా ఆ జాతి ఉన్నదా లేదా అను చర్చ సాగినది. 1999లో రాస్ముసెన్, కాలర్ అను ఇద్దరు పరిశోధకులు ఆ చర్మములను మరల పరీక్షించి, అవి ఆ రెండు జాతుల సంకరపు పక్షులే కాని వేఱు జాతి కాదని తేల్చిరి. రంగు మాటను విని జాతిని నిర్ణయించుట ఎంత కష్టమో ఇందువలన తెలియుచున్నది.

పేరు తెలిసిన పిదప చేయవలసినది

ఇక్కడ ఒక ముఖ్య విషయమును దాచక చెప్పవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము మన దేశపు అడవి చిలుకలను పట్టుటయు, అమ్ముటయు, కొనుటయు, పంజరమున పెంచుటయు నేరము. 2022లో చట్టమును సవరించి, 2023 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలునకు తెచ్చిరి. రామచిలుక ఇప్పుడు ఆ చట్టపు రెండవ షెడ్యూలులో కలదు. కావున మన ప్రాంతపు చిలుకను గుర్తించుట, దానిని ఏ పేరుతో పెంచుకొందమా అని తెలిసికొనుటకు కాదు. దానిని ఎక్కడికి చేర్చవలెనో తెలిసికొనుటకు.

తొఱ్ఱనుండి జాఱిపడిన పిల్ల చుఱుకుగా ఉండి, తొఱ్ఱ అందుబాటులో ఉన్నచో, పెద్దలు దానిని తిరిగి అందులో ఉంచుట మంచిది. మనుష్యుని చేయి తగిలినంత మాత్రమున తల్లి విడిచిపెట్టునను మాట నిజము కాదు. గాయపడినచో గాలి ఆడు పెట్టెలో మెత్తని గుడ్డ పఱచి, వెచ్చగా, చీకటిగా ఉంచవలెను. పాలు, రొట్టె, మిరపకాయలు పెట్టరాదు. గొంతులో నీరు పోయరాదు. మహారాష్ట్ర అటవీశాఖవారి 1926 నంబరునకు ఫోను చేసి చెప్పవలెను. ముంబయి పరేలులోని బాయి సకర్‌బాయి దిన్‌షా పెటిట్ పశువైద్యశాలలో పక్షులకును చికిత్స కలదు.

పెంచిన చిలుకను జాలిపడి ఒకనాడు పంజరపు తలుపు తీసి విడుచుట దయ కాదు. చేతితో తినిపింపబడిన పక్షికి మేత వెదకుటయు, గద్దను చూచి దాగుటయు తెలియవు. తెలిసినవారు దానికి రెక్కల బలము వచ్చువఱకు ఉంచి, తన జాతి గుంపున్న చోట విడుతురు. రామచిలుక ఊరి తోటలలోని గుంపులో కలియగలదు. టుయ్యాను కాంక్రీటు ఇండ్ల నడుమ విడిచినచో దానికి గుంపు దొరకదు. జాతి ముందుగా తెలియవలెననుటకు కారణమిదియే. పక్షిని అప్పగించునప్పుడు దాని బరువును, దొరకిన చోటును, దొరకిన తేదీని వ్రాసి ఇచ్చినచో వారికి గొప్ప సహాయమగును.

చిలుకలను చూడవలెనను కోరిక తప్పు కాదు. పంజరమే దానికి తప్పుదారి. సాయంకాలము కామత్‌ఘర్‌లోని వరాళదేవి చెరువు గట్టునకో, చెట్లున్న మఱియొక చోటికో పోయి నిలిచినచో గూళ్లకు మరలు రామచిలుకలను చూడవచ్చును. వానిలో హారము గలవి ఎన్ని, లేనివి ఎన్ని, పొట్టితోకవి ఎన్ని అని లెక్కించి వ్రాసికొనుడు. సలీం ఆలీగారి భారతీయ పక్షుల గ్రంథము 1941లో వెలువడినది. పాఠశాల గ్రంథాలయమున అట్టి పుస్తకమున్నచో దానితో పోల్చి చూడుడు. జనవరి మొదలు మే వఱకు ఇట్లు వారమునకొకసారి చూచినచో, ఆ యేటి పిల్లలు ఎప్పుడు గూడు విడిచి గుంపులో చేరినవో మీకే తెలియును. అంత తెలిసిన విద్యార్థి ఉన్న ఇంటికి, రంగు పూసిన చిలుకను అమ్మవచ్చినవాడు రెండవసారి రాడు.